నలభయ్యో సీసా

"మన నదికి రోజుకో రంగు ఎందుకు?" అని అడిగింది ఒకే ఒక్క కరపత్రం. అది రాసినవాణ్ణి పట్టుకోవడానికి తూర్పు జర్మనీ రహస్య పోలీసుల లైప్జిగ్ ఆఫీసు నుంచి నలభై మంది ఆఫీసర్లు, పదకొండు కార్లు, అస్టా అనే ఒక అందగత్తె రంగంలోకి దిగారు. అస్టా కుక్క. జిల్లా మొత్తంలో రోజూ మాంసం తినేది ఆవిడొక్కతే.

"ఇది పశ్చిమ జర్మనీ వాళ్ళ ముఠా పని," అన్నాడు మేజర్ కొలిట్జ్. "మనకి దొరికినవాడు ట్రామ్ డ్రైవర్ ఎగాన్. కరపత్రం వాసన చూపిస్తే అస్టా నిన్న తిన్నగా వెళ్ళి వాడి వాసన దాచిన సీసా దగ్గరే కూర్చుంది. ఇవాళ ప్రాసిక్యూటర్ ముందు కూడా కూర్చుందా, వాడికి ఐదేళ్ళు. ఏమంటావోయ్ వీలాండ్?"

"మీరెలా అంటే అలా, కామ్రేడ్ మేజర్," అన్నాడు లెఫ్టినెంట్ వీలాండ్. చొక్కా లోపల చెమట మాత్రం ఇంకేదో అంటోంది.

ఆఫీసుకి పిలిపించిన ప్రతి మనిషినీ కుర్చీలో కూర్చోబెట్టి, వాసన పట్టిన సీటు మీది పసుపు గుడ్డని సీసాలో బిగించి దాస్తారు. నెలకి నలభై సీసాలు కోటా. కిందటి నెల ఎగాన్ కూర్చోనన్నాడు. "పది గంటలు ట్రామ్‌లో కూర్చునే వచ్చా సార్, కాసేపు నిలబడనివ్వండి." నలభయ్యో సీసా ఖాళీగా ఉండిపోయింది. వీలాండ్ తన కుర్చీ మీది గుడ్డనే అందులో కుక్కి ఎగాన్ పేరు అంటించాడు. ఆ కరపత్రాన్ని గోడ మీంచి ఒట్టి చేతులతో పీకిందీ అతనే.

నిజం తేల్చడం అతని ఉద్యోగం. నిన్న రాత్రంతా నిద్ర లేకుండా తేల్చాడు. అది తన వాసనే కొడుతోంది.

ఏడు సీసాలు వరసగా పెట్టారు. అస్టా రాణీగారిలా నడిచొచ్చి ఎగాన్ సీసా ముందు కూర్చుంది. పక్కగదిలోంచి ఎగాన్ దగ్గు వినిపించింది. ప్రాసిక్యూటర్ పెన్ను కాగితాన్ని తాకింది.

"ఆగండి!" వీలాండ్ వరస చివర ఎనిమిదో సీసాలా నిలబడ్డాడు. "దాన్ని ఇంకోసారి వదలండి."

వదిలారు. అస్టా సీసాలన్నీ దాటొచ్చి అతని గుండెల మీద రెండు కాళ్ళూ వేసింది.

"సీసాలో గుడ్డ నాది. కరపత్రం మీది వాసనా నాదే. కోటా కోసం చేశాను. ఆ మనిషికి ఏ పాపం తెలీదు."

ప్రాసిక్యూటర్ పెన్ను మూశాడు. మేజర్ వేళ్ళ మీద లెక్క కట్టాడు. "ఆఫీసు తప్పు చెయ్యదు. నువ్వు ఆఫీసు. కాబట్టి నువ్వూ చెయ్యలేదు. మరి ఎవరు చేసినట్టోయ్?"

అందరూ అస్టా వైపు చూశారు.

సాయంత్రానికి ఫైలు తయారైంది: విదేశీ సాసేజీలకి లొంగిపోయిన డబుల్ ఏజెంట్. బర్తరఫ్.

గేటు దగ్గర ఎగాన్ వీలాండ్ చేతులు పట్టుకుని వదల్లేదు. "అంతా మీ దయేనట సార్! మీరు దేవుడు! అంటే, దేవుడు లేడనుకోండి. ఆదివారం భోజనానికి రావాలి మీరు."

"ఎగాన్, నిన్ను ఇరికించిందే నేను."

ఎగాన్ మొహంలో నవ్వు ఆరిపోయింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పరీక్షిస్తున్నారా సార్? నేనేం వినలేదు. వినలేదనే రాసుకోండి." చేతులు వదిలేసి గబగబా వెళ్ళిపోయాడు.

ఆ రోజు వీలాండ్ రెండుసార్లు నిజం చెప్పాడు. మొదటిసారి ఒక కుక్క ఉద్యోగం పోయింది. రెండోసారి ఆదివారం భోజనం పోయింది.