బురుజు కింద మాలధారి

శుక్రవారం సాయంత్రం ఐదుంపావు.

గల్ఫ్‌లో రువైస్ దాటాక సముద్రం ఒడ్డున ముత్యాల వర్తకులు ఎప్పుడో వదిలేసి వెళ్ళిన పాత పట్నం ఒకటుంది. ఆ పట్నపు కోట బురుజు కింద భూమేష్ శవం దొరికింది.

తల పగిలింది. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఉంది. మెడలో అంజన్న మాల. కాళ్ళకు చెప్పుల్లేవు.

ఆ రోజు సెలవు. కంపెనీ వాళ్ళు కార్మికుల్ని రెండు బస్సుల్లో ఎక్కించి కోటనీ, పక్కనున్న రాళ్ళ మీది చెక్కడాలనీ చూపించడానికి తీసుకొచ్చారు. ఆ కోటకు మరమ్మతు చేస్తున్నది వాళ్ళే. తమ చేత్తో జిప్సం మెత్తిన గోడల ముందు నిలబడి మొదటిసారి సెల్ఫీలు దిగారు.

రాత్రికల్లా పోలీసులు జలంధర్‌ని పట్టుకెళ్ళారు. జలంధర్ భూమేష్‌కి స్వయానా బావమరిది. ఇద్దరిదీ జగిత్యాల పక్క ఊరు, క్యాంపులో ఒకటే రూమ్.

శనివారం ధాత్రి వచ్చింది. ఇన్సూరెన్స్ కంపెనీలో ఇన్వెస్టిగేటర్. సొంతూరు తెనాలి. మర్యాదకి అబద్ధం చెప్పేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళుమంట. జలంధర్‌కి తెలుగు తప్ప మరొకటి సరిగ్గా రాదు కాబట్టి, పోలీసు కెప్టెన్ ఆమెనే దుబాసీగా కూడా కూర్చోబెట్టాడు.

"గురువారం రాత్రి ఎందుకు గొడవపడ్డారు?"

"రూముల మటన్ వండిన మేడం. బావ మాలల ఉన్నడు. దీపం కాడ నీసు ఏందిరా అని గిన్నె బయట పారేసిండు."

"నిన్న బురుజు ఎక్కారా ఇద్దరూ?"

"బావ నాతోని రానేలేదు. తెల్లారేసరికే రూముల లేడు. ముందల బస్సుల వోయిండు కావచ్చనుకున్న."

ముందు బస్సులో వాళ్ళు వెనక బస్సులో వస్తున్నాడనుకున్నారు. ఎవరూ లెక్క చూడలేదు. అందరూ చెక్కడాల దగ్గరికి పోతే జలంధర్ ఒక్కడే గోడ నీడన పడుకున్నాడు. అతన్ని చూసినవాళ్ళు లేరు. పైగా నాలుగింటికి బావాబామ్మర్దులు బురుజు మీద తోసుకుంటుంటే తన కళ్ళతో చూశానని సైట్ ఇంజనీర్ కృష్ణప్రసాద్ స్టేట్‌మెంట్ ఇచ్చాడు. కేసు దాదాపు అయిపోయినట్టే.

ధాత్రి భూమేష్ భార్య ముత్తవ్వకి ఫోన్ చేసింది. ఆమె జలంధర్‌కి అక్క. దుబాయ్‌లో తమ్ముడే మొగుణ్ణి చంపాడని ఊరంతా అప్పటికే చెప్పుకుంటోంది. ముత్తవ్వ ఏడవలేదు. తమ్ముడి పేరు తన ముందు ఎత్తొద్దని మాత్రం అంది. ఒక్క రోజులో ఆమెకు ఇద్దరూ పోయారు.

మార్చురీలో శవం చూపించారు. దెబ్బ తగిలిన వెంటనే ప్రాణం పోలేదని, గంట పైనే బతికుంటాడని డాక్టర్ చెప్పాడు. ధాత్రి తల వైపు ఎక్కువసేపు చూడలేకపోయింది. దుప్పటి కింది కొస పైకి తీసింది. మోకాళ్ళ నుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, చీలమండల దగ్గర ఆగింది.

అక్కడే చాలాసేపు నిలబడిపోయింది. ఆమె తండ్రి ఏటా మాల వేస్తాడు. దీక్ష రోజుల్లో రాత్రిళ్ళు ఆయన మడమలు కడిగి వ్యాజ్లీన్ రాసేది తనే.

ఆదివారం ఉదయం కెప్టెన్ అందర్నీ కోట దగ్గరికి పిలిపించాడు. జలంధర్ చేతికి బేడీలు. కృష్ణప్రసాద్ ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. పాకిస్తానీ ఫోర్‌మన్ దానియాల్ టోపీ నలుపుకుంటూ ఓ పక్కన నిలబడ్డాడు. లోపలి ఆవరణలో మరమ్మతు పనులు. దాని గేటు తాళాలు కృష్ణప్రసాద్ దగ్గర ఒకటి, దానియాల్ దగ్గర ఒకటి ఉంటాయి.

కృష్ణప్రసాద్ ధాత్రిని పక్కకు పిలిచాడు. "మీరూ మన వైపు వాళ్ళేనటగా మేడం. త్వరగా తేల్చేస్తే బాడీ ఇంటికి వెళ్తుందండీ. పాపం, ఆవిడ ఎదురు చూస్తూ ఉంటుంది."

"తేలుస్తానండీ," అంది ధాత్రి.

ముందు అందర్నీ చెక్కడాల రాయి దగ్గరికి నడిపించింది. వేల ఏళ్ళ కిందట ఎవరో తీరిగ్గా కూర్చుని తొలిచిన గుంటలు, అచ్చం వామనగుంటల్లా రెండు వరసలు. ఆమె చెప్పులు విప్పి రాతి మీద నాలుగడుగులు వేసింది. ఉదయం తొమ్మిదింటికే అరికాళ్ళు చురుక్కుమన్నాయి. కాలెత్తి కెప్టెన్‌కి చూపించింది. మడమ దాకా ఎర్రమట్టి.

"చెప్పుల్లేకుండా నడిస్తే ఇలా ఉంటుంది. మట్టి కిందనుంచి పైకి ఎక్కుతుంది. భూమేష్ కాళ్ళు దీనికి తలకిందులుగా ఉన్నాయి. పిక్కల నిండా తెల్లని జిప్సం పొడి. అది చీలమండ పైన గీత గీసినట్టు ఆగిపోయింది. గీత కింద పాదం శుభ్రంగా ఉంది."

"అంటే?" అన్నాడు కెప్టెన్.

"సాక్సు వేసుకున్నాడు, దాని మీద బూటు. చనిపోయేముందు ప్లాస్టర్ పని చేస్తున్నాడు. మాలలో ఉన్నవాడు బయట చెప్పులేసుకోడు. డ్యూటీలో సేఫ్టీ షూస్ తప్పవు గనక అక్కడ మాత్రం వేసుకునేవాడు. అతను శుక్రవారం కోట చూడ్డానికి రాలేదు. డ్యూటీకి వచ్చాడు."

జలంధర్ తలెత్తాడు.

"బావమరిదితో షికారుకి వచ్చుంటే కాళ్ళు మట్టి కొట్టుకుపోయి ఉండేవి. కాబట్టి బురుజు మీద తోపులాట కట్టుకథ. పని జరిగింది తాళం వేసిన ఆవరణలో. తాళాలు ఇద్దరి దగ్గరే ఉన్నాయి. బూట్లు విప్పింది ఎవరు?"

శవాన్ని చూసిన రోజే దానియాల్ 'ఇతని జూతే ఏవి?' అని ఇద్దరు పోలీసుల్ని అడిగాడు. మాల సంగతి అతనికి తెలియదు. అతనే డ్యూటీ సంగతి దాచాలనుకుంటే హెల్మెట్ తీసి, బూట్లు ఉంచేసేవాడు. సెలవు రోజున మాలధారి కాళ్ళు ఖాళీగా ఉండాలన్న ఆలోచన తెలుగువాడికే వస్తుంది.

"మీ ఆఫీసు కంటైనర్ ఒకసారి తెరుస్తారా, కృష్ణప్రసాద్ గారూ?"

కెప్టెన్ దాన్ని తెరిపించాడు. బీరువా వెనక భూమేష్ సేఫ్టీ షూస్ దొరికాయి. సాక్సులు మడిచి బూట్లలోనే పెట్టి ఉన్నాయి. ఒకదాని మీద ఎండిన నెత్తురు.

అప్పుడు కృష్ణప్రసాద్ జరిగింది చెప్పాడు. సోమవారం పెద్ద ఆఫీసర్లు చూడ్డానికి వస్తున్నారు, లోపలి గోడ ఒకటి మిగిలిపోయింది. ఎవరికీ చెప్పొద్దని భూమేష్ ఒక్కణ్ణే తెల్లవారుజామున పికప్‌లో తీసుకొచ్చాడు. పర్మిట్ లేదు, నడుముకి హార్నెస్ బెల్టు లేదు. మధ్యాహ్నం రెండింటికి పరంజా విరిగింది. కాసేపట్లో బస్సులొస్తాయి. ఉద్యోగం, వీసా, పిల్లల స్కూలు కళ్ళముందు తిరిగాయట. శవాన్ని పికప్‌లో వేసి, ఎవరూ పోని సముద్రం వైపు బురుజు కింద దించేశాడు.

"శవం అనకండి," అంది ధాత్రి. "బూట్లు విప్పేటప్పుడు బతికే ఉన్నాడు కదా?"

కృష్ణప్రసాద్ నేలకేసి చూస్తూ చెప్పాడు. "కాలు వెనక్కి లాక్కున్నాడు మేడం."

దానియాల్ మొహం తిప్పుకున్నాడు. గోడకి ఇవతల నవ్వుతూ సెల్ఫీలు దిగుతున్న వాళ్ళూ, అవతల ఇసుకలో ఊపిరి తీస్తున్న మనిషీ ధాత్రికి ఒక్కసారే కనిపించారు. ఆ ఇంజనీర్ని చెంప మీద కొట్టాలనిపించింది. చేతులు కట్టుకుని నిలబడింది.

కెప్టెన్ జలంధర్ బేడీలు విప్పించాడు. ధాత్రి అక్కడినుంచే ముత్తవ్వకి వీడియో కాల్ చేసి జరిగింది మొత్తం చెప్పింది. మీ తమ్ముడు ఏ పాపమూ ఎరగడని రెండుసార్లు చెప్పింది.

"జరసేపు బతికిండన్నరు గద మేడం," అంది ముత్తవ్వ అంతా విన్నాక. "పాణం పొయ్యేటప్పుడు నోట్లె ఎవలన్న ఇన్ని నీళ్ళు వోసిండ్రా?"

అబద్ధం ధాత్రి నాలుక దాకా వచ్చి ఆగింది. జలంధర్ ఫోన్ అందుకున్నాడు.

"నేనే వోసిన అక్కా. బావ తల నా ఒళ్ళెనే ఉండె. రెండు గుక్కలు తాగిండు."

నిన్న ఈ అబద్ధమే ఆడుంటే అతని మెడకు ఉరి బిగిసేది. అవతల ముత్తవ్వ మొదటిసారి గొల్లుమంది. ఏడుస్తూనే తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచింది.

అతను ఏమన్నాడని కెప్టెన్ ధాత్రిని అడిగాడు.

"ఇంటి సంగతులు," అందామె.