నీటివాకిలి

నెమలికొండ దుర్గపు ఏడవ ప్రాకారం పూర్తయిన నాడు, బురుజుల మీద పతాకలు రెపరెపలాడుతుండగా, భేరులు దిక్కులదరేలా మ్రోగుతుండగా, మహామంత్రి విద్దనామాత్యుడు నిండు సభలో, "ఇక మన అనుమతి లేనిదే ఈ కోటలోకి గాలి కూడా చొరబడజాలదు" అని ప్రకటించాడు. ఆ మాట నిజమైంది. ఇప్పుడు కోటలో గాలి ఆడటం లేదు.

నెమలికొండలో నాగటి కర్రులు కరిగించి కత్తులు చేస్తున్నారని వినేదాకా పొరుగున ఉన్న పాలవంక ప్రభువు ఎరపోతరాజుకు యుద్ధం ఊసే లేదు. ఆ కత్తులు తన మీదికే కాబోలునని తానూ ఏనుగులతో సైన్యం కూర్చాడు, వచ్చి కొండ చుట్టూ విడిశాడు. మండువేసవి. కోటలో బావులు అడుగంటాయి. కొండ కింద ఏరు మాత్రం మిలమిల మెరుస్తూ అందరికీ కనబడుతూనే ఉంది.

ఏటివైపు పూర్వం నీటివాకిలి అని ఒక చిన్న ద్వారం ఉండేది. యుద్ధకాలంలోనైనా సరే, ఆయుధం విడిచి, పసుపు పూసిన కడవతో ఆ వాకిట వెలువడినవారి మీద చేయెత్తరాదని రెండు సీమల పెద్దల కట్టుబాటు. కడవ ముంచిన చోటనే సంధి మాటలు మొదలయ్యేవి. కోటకు అది బలహీనమైన చోటని మంత్రి దానిని రాళ్ళతో పూడ్పించాడు.

సేనాపతి చెన్నమ నాయకుడు వృద్ధరాణి మల్లాంబిక ఎదుట మోకరిల్లాడు. "తల్లీ, నీటివాకిలి తెరిపించండి. కడవతో నేనే వెళతాను."

"ఆ వాకిలి ఎందుకు పెట్టారో మా అత్తగారు చెప్పేవారు నాయకా. జ్ఞాపకం రావడం లేదు" అంటూ రాణి నుదురు నొక్కుకుంది.

మంత్రి నవ్వాడు. "సేనాపతులవారికి కత్తి బరువైనట్టుంది, కడవ మోయాలని ముచ్చట పుట్టింది! దేవీ, ఏడు గోడలు కట్టి మన చేతులతో మనమే కన్నం పెట్టుకుందుమా?"

"పద్నాలుగు కట్టినా దాహం లోపలనే ఉంది మంత్రివర్యా. శత్రువు గోడ ఎక్కనక్కరలేదు, కూర్చుంటే చాలు. మనం కోట అనుకుని బోను కట్టుకున్నాం. నా కత్తి ఈ గడపను కాచింది, కాదనను. పక్కన ఆ కడవ ఉండబట్టే కాచింది."

"కడవ..." రాణి కళ్ళు మెరిశాయి. "పసుపు కడవ! మా అత్తగారు దేవుడి గదిలో ఉంచేవారు. తీసుకుపో నాయకా."

సంధి కుదిరితే తన మాట ఇక సాగదని విద్దనామాత్యునికి తెలుసు. బురుజు మీదికి వెళ్ళాడు.

గునపాలతో రాళ్ళు తొలగించారు. నాయకుడు ఉత్త కాళ్ళతో దిగి ఏటిలో కడవ ముంచాడు. ఎరపోతరాజు తానే ఎదురువచ్చాడు.

"ఇన్ని గోడలు ఎవరి కోసమయ్యా, నాయకా?"

"తమకు భయపడి, ప్రభూ."

"మరి నా ఏనుగులు ఎందుకనుకున్నావు? మీ గోడలకు భయపడి!"

ఇద్దరికీ నవ్వు వచ్చింది. అంతలో బురుజు మీదినుండి "ద్రోహి! కోటను అమ్ముతున్నాడు, వేయండి!" అన్న కేక వినబడింది. బాణం నాయకుని వీపున దిగింది. అతడు మోకాళ్ళ మీద కూలాడు గాని, ప్రాణం పోయేదాకా కడవను ఒరగనివ్వలేదు.

పాలవంక సైన్యం కత్తులు దూసింది. ఎరపోతరాజు చేయెత్తి వారించాడు. ఒరతో సహా తన కత్తిని నాయకుని దేహం పక్కన ఉంచి, కడవ భుజానికెత్తుకుని, ఒంటరిగా కొండ ఎక్కాడు. అది చూసి బురుజు మీది విలుకాండ్రు ఒక్కరొక్కరే విండ్లు దించారు. మంత్రి కేకలు ఎవరూ వినలేదు.

వాకిట రాణి నిలబడి ఉంది.

"అమ్మా, ఇవి మీ నాయకుడు ముంచిన నీళ్ళు. అతని వీపున దిగిన బాణం మాది కాదు."

"ఎవరిదో నాకు తెలుసు నాయనా" అంది రాణి. కడవ అందుకుంది. "ఈసారి మరచిపోను."

ఆ వాకిలికి ఆమె మరి తలుపు పెట్టించలేదు.