దుమ్ములో పొడిగుడ్డ

"పన్నెండు కెమెరాలు. ఒకదాంట్లో తుపాకి. పది గంటలకి మంత్రి దిగుతాడు. ముందే సోదా చేస్తే ముఠా జారుకుంటుంది. ఏదన్నది నువ్వే తేల్చాలి, సేనీ."

కల్నల్ జీబో గొంతు రబ్బరు బ్లోయర్‌లోంచి సన్నగా వినిపించింది. లెన్సు మీద దుమ్ము ఊదే ఆ బ్లోయర్‌లోనే రేడియో దాచారు.

సహారా దుమ్ముగాలి మొదలైందంటే నియామే నగరంలో ఫొటోగ్రాఫర్ల పాట్లు పగవాడికి కూడా వద్దు. ఆ గాలే ఏజెంట్ సేనీకి మారువేషం ఇచ్చింది. మూడేళ్లుగా లోకానికి అతను ప్రెస్ గేటు దగ్గర లెన్సులు తుడిచే మనిషి.

ముందు ఊదాలి, తర్వాత మెత్తటి బ్రష్, ఆఖరుకే గుడ్డ. ఇసుక మీద పొడిగుడ్డ రుద్దితే అద్దం గీతలు పడి చస్తుంది. ఈ ఊళ్లో కెమెరా పట్టిన ప్రతివాడికీ ఒంటబట్టిన సంగతి అది. సేనీ ఆ రోజు కావాలనే పొడిగుడ్డ తీశాడు.

"ఒరేయ్ ఒరేయ్! కళ్లు పోయాయా?" మొదటివాడు చెయ్యి పట్టేసుకున్నాడు.

"అది లెన్సు బాబాయ్, మీ ఇంట్లో సజ్జల తట్ట కాదు!" అని ఇంకొకడు గుడ్డ లాక్కున్నాడు.

పదకొండు మంది తిట్టారు. ఒక్కో తిట్టుకీ సేనీ గుండె జారింది. ఎందుకంటే మిగిలింది రమాతూ.

నీలిరంగు తలపాగా, నల్లకళ్లజోడు, నడిచొస్తుంటే కాపలావాళ్లే దారిచ్చే అందం. లెన్సు తుడవడం ఆమెకు నేర్పింది సేనీయే. వచ్చే నెల వాళ్ల పెళ్లి.

కెమెరా అందించింది. సేనీ పొడిగుడ్డని లెన్సు ముందుండే ఫిల్టర్ అద్దం దాకా తెచ్చి ఆపాడు. తిట్టు. మా తల్లే, ఒక్కసారి తిట్టవే.

"త్వరగా కానీ, సేనీ," అంది గేటు వైపు చూస్తూ.

గుడ్డ కింద ఇసుక కరకరలాడింది. ఆమె తిరిగైనా చూడలేదు, కెమెరా తీసుకుని ముందువరసలోకి వెళ్లిపోయింది.

"ఇసుక దొరికింది," అన్నాడు సేనీ బ్లోయర్‌లోకి. అదే కోడ్‌వర్డ్.

కారు ఆగింది. మంత్రి కాలు కింద పెట్టాడు. రమాతూ కెమెరా ఎత్తింది. సేనీ జనాన్ని తోసుకుంటూ ఉరికి, కెమెరాని కింద నుంచి గట్టిగా కొట్టాడు. గుండు షామియానా చించుకుని ఆకాశంలోకి పోయింది. పగిలిన ఫిల్టర్ వెనక లెన్సు లేదు, ఇనుప గొట్టం ఉంది.

సైనికులు ఆమె చేతులు విరిచి పట్టుకున్నారు.

"ఎలా తెలిసింది?" అందామె.

"నువ్వు నన్ను తిట్టలేదు."

రమాతూ నవ్వబోయింది, ఏడుపొచ్చింది. "నిజం లెన్సయితే నీ చెయ్యి విరగ్గొట్టేదాన్ని. లెన్సులు తుడుచుకునేవాడివే అనుకున్నాను కదరా నిన్ను."

"నేనూ నిన్ను ఫొటోలు తీసుకునేదానివే అనుకున్నాను."

వ్యాన్ ఆమెను ఎక్కించుకుని గేటు దాటింది. కల్నల్ వచ్చి భుజం తట్టాడు.

"శభాష్! మంత్రిగారు నీతో ఫొటో దిగుతారట. రా."

సేనీ రోడ్డు మీద లేచిన దుమ్మునే చూస్తూ నిలబడ్డాడు.

"వద్దు సార్. నా ఫొటోలు తీసే మనిషి ఇప్పుడే వెళ్లిపోయింది."