మెల్లగా పాడే పాట

జమ్మలమడుగులో ఆ వీధిలో స్టీఫెన్ గొంతు తెలియని వాళ్లు లేరు. "పాలొచ్చినాయా?" అని మామూలుగా అడిగినా పక్కింటి వాళ్లు తలుపు తీసి చూడాల్సిందే. నాపబండల పాలిష్ ఫ్యాక్టరీలో చేసీ చేసీ రిటైరైన మనిషి. ఆ శనివారం పొద్దున కూడా అలాగే అరిచాడు.

"విజయా! పాపను లేపు! పాటలు పెడతాండా!"

"లేపాల్నా? నీ అరుపుకు వీధంతా లేసింటాది," అంది విజయమ్మ బొరుగుల ఉగ్గాని కలుపుతూ.

ఏడాదిగా ఆ ఇంట్లో ఈ పాటల గోలే. కూతురు జీవిత హైదరాబాదులో సౌండ్ ఇంజనీరింగ్ నేర్చుకొచ్చి, అమ్మా, చర్చి స్త్రీల సమాజం వాళ్లూ పాడే ఈస్టర్ పాటలన్నీ రికార్డు చేసింది. ఈస్టర్ నాడు తెల్లవారకముందే వీధుల వెంట పాడుతూ పోవడం వాళ్ల ఆనవాయితీ. ఆ ఏడాది చావు జరిగిన ఇల్లు వస్తే మాత్రం అందరూ ఆగిపోతారు. విజయమ్మ ఒక్కతే గడప ముందు నిలబడి, వెన్ను నిమిరినంత మెల్లగా పాడుతుంది. ఆ తర్వాత చర్చి మెట్ల దగ్గరికి చేరాకే అందరి గొంతులూ విచ్చుకుంటాయి. జీవిత ఆల్బం కూడా అలాగే నడవాలి. మొదటి పాట గుసగుసలా మొదలవ్వాలి, చివరి పాటకు చర్చి కప్పు లేచిపోవాలి. ఆ తేడా కుదరడానికే పిల్ల తిండీ నిద్రా మానుకుని, పాటపాటకూ సౌండు సరిదిద్దుతూ మాస్టరింగ్ చేసింది.

మర్నాడు ఆదివారం ఆరాధన అయ్యాక ఆ పాటలు చర్చిలో వినిపించి, పెన్‌డ్రైవులు పంచాలి. పాటలను ఎంపీత్రీలోకి మార్చి, ఒక్కోదానికి పేరూ, పాడినవాళ్ల పేరూ, బొమ్మా ఎక్కించే పని స్టీఫెన్ పట్టుబట్టి తీసుకున్నాడు. అదీ కూతురి దగ్గర నేర్చుకున్న విద్యే.

స్పీకర్లో మొదటి పాట మొదలైంది. జీవిత పక్క మీంచి ఒక్క ఉదుటున లేచి వచ్చింది. అమ్మ గొంతు చెవి దగ్గర అరిచినట్టుంది. దాని వెనకాల నూనె కాగుతున్నట్టు బుసబుస. చివరి పాట పెట్టింది. అంతమంది ఆడవాళ్ల గొంతులూ దుప్పటి కింద నొక్కేసినట్టు చప్పగా ఉన్నాయి.

"ఏంది నాన్నా ఇది? ఏం చేసినావు?"

"అన్ని పాటల సౌండు సమానం చెయ్యాల్నా అని కంప్యూటరు అడిగె. సరేనని టిక్కు పెట్టినా," అన్నాడు స్టీఫెన్ గర్వంగా. "ఆ మొదటి పాట శానా తక్కువుండాది పాపా. ఎవరికి వినపడతాది?"

"తక్కువుండేటట్టు నేనే పెట్టినా! తెలీని పనిలో నీకెందుకు? ఏడాది కష్టమంతా బుగ్గి చేసినావు కదా!"

"జీవితా!" అని కసిరింది విజయమ్మ.

స్టీఫెన్ మొహం మాడిపోయింది. ఆయన అరిచి ఉంటే జీవితకు కోపం ఇంకాస్త నిలిచేదేమో.

"అసలుది ఇను. నీకే తెలుస్తాది," అంటూ తన లాప్‌టాప్‌లోని మాస్టర్ ఫైలును అదే స్పీకరుకు కలిపి మొదటి పాట పెట్టింది. విజయమ్మ గరిటె పట్టుకునే గుమ్మంలో నిలబడిపోయింది. కన్నతల్లి చావు రోజు గుర్తొచ్చిందేమో, కొంగుతో కళ్లొత్తుకుంది.

పాట సగానికి వచ్చింది. జీవిత తండ్రి వైపు చూసింది. "తెలిసిందా తేడా?"

స్టీఫెన్ అమాయకంగా స్పీకరు వైపు చెయ్యి చూపించాడు. "ఇంకా పెట్టలేదు కదా పాపా. పెట్టు."

విజయమ్మ చేతిలోని గరిటె అలాగే ఉండిపోయింది.

"నాన్నా... పాట వస్తానే ఉంది."

ఆయన ఇద్దరి మొహాలూ చూశాడు. ఇక దాచి లాభం లేదని అర్థమైంది. "ఆ పాలిష్ మిషన్ల కాడ పోయినాయి లేమ్మా చెవులు. పెద్ద సౌండయితే వినపడతాది. మీ అమ్మ పాడేటప్పుడు పెదాలు చూసి తలూపుతాంటి," అన్నాడు తలొంచుకుని. "ఈ పాట ఎన్నిసార్లు పెట్టినా ఏమీ రాకపాయె. నువ్వు చేసిన పనిలో యాడో తప్పుండాదేమో, రేపు నలుగురూ నిన్ను నవ్వుతారేమోనని భయమేసె. అందుకే పెంచినా."

"ఇన్నేండ్లూ నువ్వు అరిచేది కోపమనుకుంటినే!" అంటూ విజయమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

జీవిత తన హెడ్‌ఫోన్సు తెచ్చి తండ్రి చెవులకు పెట్టింది. మొదటి పాటను మళ్లీ మొదటి నుంచి వేసి, సౌండు కొంచెం కొంచెంగా పెంచింది. "పాటను ముట్టుకోలేదు నాన్నా," అంది ఆయన కళ్లలోకి చూస్తూ గట్టిగా. "నీ చెవి కాడ మాత్రం పెంచినా."

స్టీఫెన్ కదల్లేదు. కాసేపటికి కళ్ల నుంచి నీళ్లు బొటబొటా కారాయి. "విజయా! నువ్వు ఊపిరి తీసుకునేది గూడా వినపడతాందే!" అని వీధి అదిరేలా అరిచాడు. ఈసారి ఎవరూ ఆయన్ని తగ్గమనలేదు.

ఆ రోజంతా తండ్రీ కూతుళ్లు కుర్చీలు దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు. ఆ టిక్కు తీసేసి, మాస్టర్ నుంచి అన్నీ మళ్లీ మార్చారు.

"పేర్లన్నీ మళ్లా కొట్టాల్నా?"

"వద్దు నాన్నా. నువ్వు కొట్టిన పేర్లు ఉన్నట్లే ఎక్కిస్తా. సౌండు నేను పెట్టినట్టే ఉంటాది."

ఆయన కొట్టిన పేర్లలో, ప్రతి పాట కిందా 'మాస్టరింగ్: మా జీవిత' అని ఉంది. ఆ 'మా' తీసేయడానికి జీవితకు మనసొప్పలేదు.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. ప్రొద్దుటూరు నుంచి సౌండు సర్వీసు ఖలందర్ తన సరంజామాతో వచ్చాడు. స్టీఫెన్ ఆయన పక్కనే, మెషీన్ దగ్గర కాపలాగా నిలబడ్డాడు. మొదటి పాట మొదలైంది. జనం మాటలు ఆపేశారు. ఖలందర్ చెయ్యి అలవాటుగా సౌండు పెంచే నాబు మీదికి పోయింది. స్టీఫెన్ ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ముట్టుకోవద్దప్పా!"

"శానా తక్కువ వస్తాందన్నా!"

"తక్కువే రావాల. చావు జరిగినింటి ముందర పాడే పాట అది. ఎంతుండాల్నో మా పాపకు తెలుసు!"

గుసగుస అనుకునే అన్నాడు పాపం. చర్చి మొత్తం వెనక్కి తిరిగి చూసింది. ముందు వరుసలో కూర్చున్న జీవిత సిగ్గుపడలేదు. తలెత్తి, గర్వంగా తండ్రినే చూస్తూ ఉండిపోయింది. పాట అయిపోయేదాకా ఆయన ఖలందర్ చెయ్యి వదల్లేదు. ఆ పాట ఆయనకు ఒక్క ముక్క కూడా వినపడటం లేదని ఆ చర్చిలో తల్లీ కూతుళ్లకే తెలుసు.