తలుపు వెనక క్యాలెండర్

తన కడుపు సంగతి తనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని కోడలికి గట్టి నమ్మకం. పదిహేనేళ్లుగా పేగు వాపుతో కాపురం చేస్తున్న మనిషి మరి. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. ఊళ్లో ఏ పెట్రోల్ బంకులో మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుందో ఆమెనే అడగాలి. జబ్బు తిరగబెడితే వారం పాటు మాత్రలు వేసుకుంటుంది, మళ్లీ బండెక్కుతుంది.

ఆ ఉదయం కూడా మాత్ర మింగి, చీపురు కోసం వంటింటి తలుపు లాగింది. వెనక ఒక క్యాలెండర్ వేలాడుతోంది. గడుల నిండా ఎర్ర పెన్సిలుతో చుక్కలు, గీతలు. పోయిన గురువారం గడిలో గీత. ఆ రోజే తను సగం కంచం వదిలేసి లేచి, గంటకల్లా నొప్పితో వంగిపోయింది. ఒక్కో తేదీ గుర్తొచ్చేకొద్దీ ఆమెకు ఒళ్లు మండింది. క్యాలెండర్ ఊడబెరికి అత్తగారి ముందు పడేసింది.

"నా జబ్బుకి హాజరుపట్టీ రాస్తున్నారా అత్తయ్యా? ఎవరికి చూపించడానికి, మీ అబ్బాయికా?"

అత్తగారు కళ్లజోడు సర్దుకుంది. ముప్పై ఏళ్లు లాండ్రీలో బట్టలకు గుర్తులు పెట్టిన చెయ్యి ఆవిడది.

"చుక్కంటే మరక, గీతంటే చిరుగు. మా లాండ్రీ గుర్తులు. నువ్వు బాత్రూంకి పరిగెత్తిన రోజు చుక్క పెట్టాను. తిన్న గంటకి కుడిపక్క పట్టుకుని వంగిపోయిన రోజు గీత పెట్టాను."

"రెండూ ఒకటే జబ్బు. నాకు తెలీదా?"

"నీకు తెలిసిన జబ్బు చుక్కలది. మాత్రలేసుకున్న వారానికి పోతాయి. ఈ గీతలు మొదలై రెండు నెలలైంది, పోలేదు. మరకైతే ఉతికితే పోతుందమ్మా. చిరుగు ఉతికితే పెద్దదవుతుంది."

"నోటితో చెప్పొచ్చుగా?"

"చెప్పబోయాను. 'స్టీరింగ్ నా చేతిలో ఉంది, మీరు కూర్చోండి' అన్నావు."

కోడలికి నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. జబ్బు తిరగబెట్టిందని ఫోన్లో చెప్పి మాత్రలు రాయించుకున్నది తనే. కుడిపక్క నొప్పి మాట డాక్టరుతో అననేలేదు.

ఆ పూటే క్లాసులు మానేసి, క్యాలెండర్ చుట్టచుట్టి, అత్తగారిని కారెక్కించింది. డాక్టరమ్మ గీతల మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. స్కాన్ తీయించింది, ఇంకేవో పరీక్షలు చేయించింది. చిన్నపేగులో గడ్డ.

"పేగు వాపు ఉన్నవాళ్లలో చాలా అరుదుగా వస్తుంది. పాత జబ్బేలే అనుకుని ఆలస్యంగా వస్తుంటారు. మీది ఇంకా పాకలేదు, తీసేస్తాం," అంది డాక్టరమ్మ.

ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుంది. "మీ మీద నోరు పారేసుకున్నాను."

"పారేసుకోకపోతే నువ్వెలా అవుతావు? వెళ్లిరా. నేనిక్కడే ఉంటాను."

నెల తిరిగేసరికి క్యాలెండర్ తలుపు ముందువైపుకి మారింది. మొగుడి చేత మేకు కొట్టించి, అందరికీ కనబడేలా కోడలే తగిలించింది. ఒక ఉదయం ఆమె కంచం పూర్తిగా ఖాళీ చేసింది. తర్వాత అత్తాకోడళ్లిద్దరూ గడియారం చూస్తూ కూర్చున్నారు. గంట దాటింది. నొప్పి రాలేదు.

కోడలు ఎర్ర పెన్సిలు అందించింది. "పెట్టండి అత్తయ్యా."

"ఏం పెట్టమంటావు? ఏమీ లేదుగా."

"లాండ్రీలో ఏ గుర్తూ లేని బట్టని ఏం చేసేవాళ్లు?"

"ఏం చేస్తాం, ఇంటికి పంపించేస్తాం," అంటూ అత్తగారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది.