తట్ట మోసిన రాజు

“మెషీన్ వద్దన్నా, కత్తెర వెయ్యి,” అన్నాడు పోశయ్య కుర్చీలో కూర్చుంటూ.

అది కోడ్. అజ్మాన్‌లోని ఆ సెలూన్ యజమాని రాజేశ్వర్ అద్దంలోంచే వీధిని ఒకసారి చూసి, చెవి దగ్గరకు వంగాడు. మన గూఢచారి శాఖకు ఇక్కడ అతనే హ్యాండ్లర్, ఏజెంట్లను నడిపించేవాడు.

“నీ గోదాంల తొమ్మిది మట్టిబొమ్మలు ప్యాకింగ్‌కొచ్చినయి గదా? ఒక దాని కడుపుల చిప్పు. మన ఏజెంట్లు పదకొండు మంది అసలు పేర్లు అందుల ఉన్నయి. ఇయాల నాలుగింటికి ట్రక్కు దుష్మన్ల కాడికి ఎల్తది. ఎల్లిందా, అందరు ఖలాస్.”

“నేను గూడ?”

“నువ్వు గూడ. నాజ్నీన్ మేడం మన మనిషే. ఏ బొమ్మో ఆమె చెప్తది.”

నాలుగేళ్ళుగా అతను పోశయ్యే. అసలు పేరు రాజేశ్వర్‌కు కూడా తెలియదు. లేబర్ క్యాంపు రూములో జ్వరమొస్తే, కలవరింతలో నోరు జారకుండా గుడ్డ కరిచిపట్టుకుని పడుకునేవాడు.

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్, గోదాం. నాలుగుకు పది నిమిషాలు. పురావస్తు నిపుణురాలు నాజ్నీన్, హైదరాబాదీ, నల్ల కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసింది. బల్ల మీద జానెడు బొమ్మలు వరసగా నిలబడ్డాయి. అన్నిటి నెత్తినా తట్ట, పట్టుకున్న రెండు చేతులు.

“వీళ్ళు కూలోళ్ళా మేడం?”

“రాజులు,” నవ్విందామె. “వేల ఏళ్ళ కిందటి ఇరాక్, అప్పటి సుమేరులో ఊరికొక ఎన్సీ. దేవుడి పేరు మీద ఏలేవాడు. పూజలు, పొలాలు, కాలువలు అన్నీ ఆయన చేతిలోనే. అయినా గుడి కట్టాలంటే మొదటి ఇటుకకు మట్టి తనే మోయాలి. దేవుడి ముందు రాజూ కూలీయే.” గొంతు తగ్గించింది. “మూడోది. పగలగొట్టు.”

పోశయ్య టిఫిన్ డబ్బా అడుగున లోహాన్ని పట్టే స్కానర్ ఉంది. కానీ బొమ్మలన్నిట్లోనూ ఇనుప ఊచ. అన్నిటికీ ఒకటే బీప్. తలుపు బయట శత్రువుల గార్డు. ఒక్క దెబ్బకే వీలు.

పోశయ్య సుత్తి ఎత్తి, ఆగాడు.

మూడో రాజు మెడ, మిగతావాళ్ళలాగే, నిటారుగా ఉంది. ఏడో రాజు మాత్రం తన కాళ్ళను చూసుకుంటున్నాడు. వచ్చిన కొత్తలో ముసఫ్ఫా బిల్డింగ్ సైట్లో పోశయ్య ఏడాదిపాటు తట్ట మోశాడు. మెడ వంచితే తట్ట ముందుకు జారుతుంది. అది మొదటి పూటే తెలిసొస్తుంది. మిగతావి అసలు పాత బొమ్మకు అచ్చు తీసి పోసిన నకళ్ళు. ఈ ఏడోదాన్ని విడిగా చేసినవాడు ఏనాడూ మట్టి మోయలేదు.

బయట ట్రక్కు హారన్ కొట్టింది. సుత్తి ఏడో బొమ్మ మీద పడింది.

చిప్పు దొర్లింది. కవర్లు అతికించే హీట్ గన్ దాని మీద పెట్టాడు. అప్పటికే నాజ్నీన్ చేతిలో పిస్టల్.

“కాల్చి లాభం లేదు మేడం. గేటు కాడ రాజేశ్వరన్న గిరాకీలు నిలబడ్డరు, అందరు మావోళ్ళే.”

ఆమె మెల్లగా పిస్టల్ దించింది. “మూడోది కాదని ఎవరు చెప్పారు?”

“మెడ వంచిన రాజే చెప్పిండు.”

“ఇంతకీ నీ అసలు పేరేంటి?”

నాలుగేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి. పేరు నాలుక చివరిదాకా వచ్చింది. పోశయ్య కరిగి నల్లటి చుక్కైన చిప్పు వైపు చూశాడు.

“గందులనే ఉండె మేడం.”