సగం ఈల

ఇర్మా ఉడికిన కోడిగుడ్డును తురుముతోంది. తురుముపీట బల్లకు తగిలి చప్పుడు కాకుండా కింద తువ్వాలు మడిచి వేసుకుంది. పక్కన గిన్నెలో, పిట్టల మేతలో కలపడానికి, రస్కుల పొడి సిద్ధంగా ఉంది. ఆ రస్కులను ఇంట్లో నలగ్గొట్టకూడదు. నిన్ననే వాటిని గుడ్డసంచిలో వేసి, వీధి చివరిదాకా తీసుకెళ్ళి, చర్చి ప్రహరీ మీద కొట్టుకుని తెచ్చింది. ఇరుగుపొరుగు చూసి నవ్వడం ఎప్పుడో మానేశారు. ఏటా ఈ రోజుల్లో ఇర్మా రస్కుల సంచితో బయల్దేరుతుందని అందరికీ తెలుసు.

అక్టోబరు వచ్చిందంటే ఆ ఇంట్లో అందరికీ మాట పడిపోతుంది. వంటింటి పక్క గదిలో గొమ్మార్ కెనరీ పిట్టలకు పాటల బడి తెరిచే నెల అది. ఆ ఏడు పుట్టిన మగ పిట్టపిల్లలను ఒక్కొక్కదాన్నీ ఒక చిన్న పంజరంలో పెట్టి, గదిని మసక చీకటి చేసి, ముసలి మగపిట్ట పాట వినిపిస్తాడు. దానికి ఆయన పెట్టిన పేరు గురువుగారు. పిల్లలు ఏది వింటే అది నేర్చుకుంటాయి. గురువుగారు పాడిందే కాదు, గది గోడలు దాటి వచ్చిందంతా నేర్చుకుంటాయి. అందుకని కెటిల్ మూతికున్న ఈల పీకేశాడు. గోడ గడియారం గంట ఆపేశాడు. తలుపుల బందులన్నిటికీ నూనె పోశాడు. చర్చి గంటనొక్కదాన్నీ ఏం చేయలేకపోయాడు.

ఆ పిట్టలది నీటి పాట. ముక్కు మూసుకునే, గొంతు లోపల, కుండలో నీళ్ళు మరిగినట్టు, ఏరు రాళ్ళ మీద దొర్లినట్టు పాడతాయి. ఆ పాట గొమ్మార్ తండ్రి కాలం నుంచి పిట్ట నుంచి పిట్టకు వస్తోంది. గురువుగారికి ఈ ఏడు ఊపిరి తగ్గింది. వచ్చే అక్టోబరుకు ఆ పీఠం ఎక్కాల్సింది మూడో పంజరంలోని కుర్రపిట్ట. గొమ్మార్ ఆశలన్నీ దాని గొంతులోనే ఉన్నాయి.

పెరటి గేటు దడాలున తెరుచుకుంది.

"అమ్మా! కాఫీ ఉందా?"

కూతురు వీర్లె. కలప అడితిలో పని చేసే మనిషి, అక్కడ రంపాల హోరుకు అలవాటు పడిన గొంతు. పిట్టల గది తలుపు సందులోంచి గొమ్మార్ తల బయటికొచ్చింది. వేలు పెదవుల మీద ఉంది.

"నాన్నా, నేనింకా పెరట్లోనే ఉన్నాను. పెరట్లో కూడా గుసగుసలాడాలా?"

"పెరడు నీదే. కిటికీ నాది. అది తెరిచి ఉంది," అన్నాడు గొమ్మార్ గొంతు తగ్గించి. అప్పుడు ఆయన చూపు కారు వెనక తగిలించిన బండి మీద పడింది. దాన్నిండా చెక్క చట్రాలు, జాలీ చుట్టలు. "ఏమిటవి?"

"పిట్టలిల్లు. ముక్కలుగా కోసి తెచ్చాను, బిగిస్తే చాలు. దక్షిణం గోడకు ఆనిద్దాం, ఎండ తగులుతుంది. నీ పిట్టలు రెక్కలు చాపి ఎగురుతాయి, వానలో తడుస్తాయి. అమ్మ వంటింట్లో మూకుళ్ళు మోగించుకుంటుంది. అందరూ సుఖపడతారు."

"బయటా? నా పిట్టలనా?" గొమ్మార్ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పెరట్లోకి వచ్చేశాడు. "ఆ కంచె మీద పిచ్చుకలను చూశావా? ఆ నోళ్ళు నా పిల్లలకు అంటుకుంటే వారం తిరక్కుండా కిచకిచలాడతాయి. మీ తాత పాట అది! ఒక్క ఏడు దారి తప్పిందంటే మళ్ళీ ఏ కొట్లో కొనుక్కురాను?"

"ఆడపిట్టలు పాడవుగా. వాటినైనా బయట ఉంచు."

"పంజరంలో అయితే ఏ గుడ్డు ఎవరిదో నాకు తెలుసు. అందర్నీ ఒక్క ఇంట్లో తోస్తే మగవి కొట్టుకు చస్తాయి, ఆడవి ఒకదాని గూడు ఇంకొకటి లాక్కుంటాయి, పిల్లలకు తండ్రెవరో దేవుడికి కూడా తెలీదు."

"మన వీధిలాగే అన్నమాట," అంది వీర్లె.

గుమ్మంలో నిలబడ్డ ఇర్మాకు నవ్వొచ్చింది. వెంటనే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. వీర్లె ఆ చేతిని చూసింది. ఆమె ముఖంలో వేళాకోళం పోయింది.

"నాన్నా, పోయిన ఆదివారం అమ్మ మా ఇంటికొచ్చింది. మా ఇంట్లో పిట్టలు లేవు, పిల్లి కూడా లేదు. అయినా భోజనాల దగ్గర గుసగుసగానే మాట్లాడింది. వెళ్ళాక మా చిన్నది ఫీన్ నన్నడిగింది, అమ్మమ్మకు గొంతు నొప్పా అని. నేనేం చెప్పాలి?"

గొమ్మార్ భార్య వైపు తిరిగాడు. "పిట్టలిల్లు కావాలని నువ్వడిగావా?"

"కాఫీ చల్లారిపోతోంది," అంది ఇర్మా, గుసగుసగా.

మర్నాడు ఉదయం చర్చిలో పూజ అయ్యాక కమీల్ వచ్చాడు. గొమ్మార్‌తో కలిసి బడికెళ్ళిన స్నేహితుడు, కెనరీ పెంపకందార్ల సంఘంలో పాటల పోటీలకు న్యాయం చెప్పేవాడు. పోటీకి ముందు పిట్టలను ఒకసారి బయటి చెవికి వినిపించడం ఆనవాయితీ. నాలుగు పంజరాలు ఒకదాని మీద ఒకటి పేర్చి బల్ల మీద పెట్టారు. మిత్రులిద్దరూ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఫోటోకు కూర్చున్నట్టు కూర్చున్నారు. గొమ్మార్ పంజరాల కమ్ములకు అడ్డంగా ఉన్న చిన్న చెక్క తలుపులు తెరిచాడు.

మొదటిది అందుకుంది. రెండోది జత కలిసింది. తర్వాత మూడోది గొంతు విప్పింది. ఏరు వచ్చి గదిలో పడ్డట్టయింది. కమీల్ కళ్ళు మూసుకున్నాడు. గొమ్మార్ తన స్నేహితుడి ముఖాన్నే చూస్తున్నాడు, పిల్లవాడి మార్కుల కోసం చూసే తండ్రిలా.

నీళ్ళు దొర్లి దొర్లి అడుగంటాక మూడో పిట్ట తల పైకెత్తింది. ముక్కు తెరిచింది. తేలిగ్గా, హుషారుగా, గంతులేస్తున్నట్టు ఒక చరణం పాడి, టక్కున ఆగిపోయింది.

కమీల్ ఒక కన్ను తెరిచాడు. "ఇదెక్కడిదిరా?"

"పిచ్చుక," అన్నాడు గొమ్మార్. రంగు పోయింది ముఖంలో. "కంచె మీది పిచ్చుకలు..."

పిట్ట మళ్ళీ పాడింది. మళ్ళీ అదే చోట ఆగింది.

"పిచ్చుకలు పోల్కా గంతుల పాట పాడవురా గొమ్మార్," అన్నాడు కమీల్, పెదవులు బిగించి నవ్వు ఆపుకుంటూ. "అది ఈల. మనిషి వేసిన ఈల. ఒకటి రెండుసార్లు విన్నదీ కాదు. బాగా వేశారు కూడా, ఎవరోగానీ."

గొమ్మార్ లేచి వంటింట్లోకి నడిచాడు.

"నా ఇంట్లో ఈల వేసిందెవరు?"

ఇర్మా బంగాళాదుంపలు చెక్కుతోంది. చెక్కుతున్న దుంపను పూర్తిచేసి నీళ్ళలో వేసింది. కత్తి పక్కన పెట్టింది.

"నేనే."

"నువ్వా?"

"నువ్వు సంఘానికి వెళ్ళినప్పుడు. ఇస్త్రీ చేసుకుంటూ. తలుపు కింద తువ్వాలు కుక్కి, కిటికీ మూసి, దొంగలా వేశాను. నా వంటింట్లో నేను దొంగను."

"ఇర్మా, ఆ పిట్ట నాశనమైపోయింది! వచ్చే ఏడు గురువు కావాల్సింది! మిగతా వాటికి పట్టకముందే దాన్ని ఇంట్లోంచి పంపించెయ్యాలి."

"పంపించు," అంది ఇర్మా. ఆమె గొంతు పెరిగింది. ఆ గోడలు అక్టోబరులో ఎన్నడూ వినని గొంతు. "దాంతోపాటు నన్నూ పంపించు. ఇద్దరిదీ ఒకే రోగం. కాస్త పెద్ద పంజరం చూడు, ఇద్దరం పడతాం."

గది గుమ్మంలో కమీల్ టోపీ చేత్తో తిప్పుతూ నిలబడ్డాడు. "నేను... సైకిల్లో గాలి ఉందో లేదో చూసుకుంటాను," అన్నాడు.

"కూర్చో కమీల్!" అంది ఇర్మా. "నువ్వు న్యాయం చెప్పేవాడివేగా, చెప్పు. మా ఊళ్ళో ముసలమ్మలు అనేవాళ్ళు, ఈల వేసే పిల్లకు డబ్బున్న మొగుడొస్తాడని. నాకెవడొచ్చాడు? ఈల వింటే జ్వరం తెచ్చుకునేవాడు. కెటిల్‌కు ఈల పీకాడు, ఊరుకున్నాను. కెటిల్ కదా అని. తర్వాత నా వంతు వచ్చింది."

"నిన్ను నోరు మూసుకోమని నేనెప్పుడన్నాను?"

"అనలేదు. వేలు పెట్టి చూపించావు."

కమీల్ కాఫీ మిగిల్చి వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం దంపతులు ఎదురెదురుగా కూర్చుని మాట లేకుండా తిన్నారు. ఆ ఇంట్లో మౌనం కొత్త కాదు. కానీ ఈ మౌనం పిట్టల కోసం కాదని ఇద్దరికీ తెలుసు.

భోజనమయ్యాక గొమ్మార్ నల్లగుడ్డ తీసుకుని పిట్టల గదిలోకి వెళ్ళాడు. మూడో పంజరాన్ని వేరుచేసి కప్పెయ్యాలి. అది ఆయన్ను చూసి తల ఒక పక్కకు వంచింది, మేత పెట్టే చెయ్యి కదా. వెంటనే ఈల అందుకుంది. టక్కున ఆగింది.

గొమ్మార్ గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పిట్ట పాటలో తప్పు పట్టడం ఆయనకు అలవాటే. ఊపిరి చాలక ఆగే పిట్ట ఎదురురొమ్ము కుంగుతుంది. దీని రొమ్ము ఇంకా ఉబ్బి ఉంది. ఊపిరి ఉంది, గొంతు ఉంది, అయినా ఆగుతోంది. మళ్ళీ పాడింది. అదే చోట ఆగి, తలుపు వైపు చూసింది.

ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. ఇర్మా గిన్నెలు తుడుస్తోంది.

"అక్కడెందుకు ఆగుతుందది?"

"ఏం?"

"పిట్ట. సగంలో ఆగుతోంది. ఆ పాటకు ఇంకా ఉంది కదా."

ఇర్మా గిన్నెను తుడిచిన చోటే తుడిచింది.

"నేను ఎప్పుడూ అక్కడే ఆగేదాన్ని," అంది. "ఒక్క చరణం వేసేసరికి భయం వేసేది. ఆగి, తలుపు దగ్గరికెళ్ళి, నువ్వు వచ్చావేమోనని వినేదాన్ని. వచ్చినా రాకపోయినా, ఇక రెండో సగం వెయ్యడానికి ధైర్యం చాలేది కాదు. అదే నేర్చుకున్నట్టుంది పాపం."

గొమ్మార్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కుర్చీ కాళ్ళు నేల మీద కీచుమన్నాయి. ఆయన పట్టించుకోలేదు.

"చివర్లో పైకి వెళ్తుంది," అన్నాడు నెమ్మదిగా. "పైకి వెళ్ళి, ఇక పడిపోతుందేమో అనుకునేలోపు మెట్లు దిగినట్టు దిగుతుంది. అవునా?"

"నీకెలా తెలుసు?"

"మీ నాన్న కాలీఫ్లవర్ తోట పక్కనుంచి సైకిల్ మీద పోతున్నాను. నువ్వు కత్తితో పూలు కోస్తూ ఈల వేస్తున్నావు. పాట పైకి వెళ్ళిన చోట సైకిల్ దిగాను. అది కిందికి దిగేదాకా కదల్లేకపోయాను." ఆయన అరచేతులు చూసుకున్నాడు. "అంత ఈల విని చేసుకున్నాను ఇర్మా నిన్ను. ఇన్నేళ్ళూ పిట్ట గొంతులో తప్పు వెతికాను గానీ, నీ గొంతు ఎప్పుడు పోయిందో చూడలేదు. అదీ నాకు పిట్ట చెప్పాల్సి వచ్చింది."

ఆయన కళ్ళు తుడుచుకోవడానికి చేతికందినది నల్లగుడ్డ. ఇర్మా అది లాక్కుని, తన చేతిలోని తువ్వాలు ఇచ్చింది. "దుమ్ము గుడ్డతో తుడుచుకుంటారా ఎవరైనా! కళ్ళు వాస్తాయి," అంది.

"ఈ ఏడు పోటీకి పంపను," అన్నాడు గొమ్మార్.

"ఎందుకు? మిగతా మూడూ బాగానే పాడుతున్నాయిగా."

"నాలుగుంటేనే జట్టు. ఆ ఒక్కటీ లేకుండా నాకు జట్టు వద్దు." ఆయన లేచి ఫోను అందుకున్నాడు. పిట్టల గది తలుపు మూసుకోకుండానే, పొలం అవతల మనిషిని పిలిచినట్టు కేకపెట్టాడు. "వీర్లె! ఆ ముక్కలు బిగించడానికి ఎప్పుడొస్తావ్?"

అవతలి నుంచి వీర్లె గొంతు వంటింటంతా వినిపించింది. "నాన్నా, ఎందుకరుస్తున్నావ్? ఇల్లు తగలబడిందా?"

"దక్షిణం గోడ కాదు, తూర్పు గోడకు ఆనించు. మధ్యాహ్నం ఎండకు మాడిపోతాయి. ఆడపిట్టలూ, ముసలివీ ముందు. జతలు కట్టేటప్పుడు మాత్రం పంజరాల్లోనే, ఆ మాట మీద నేను కదలను. పాట నేర్చే మగవాటికి పెరటి చివర కొట్టంలో గది కట్టు, గోడలు మందంగా ఉండాలి."

"పిచ్చుకలో మరి?"

"పిచ్చుకల సంగతి పిచ్చుకలు చూసుకుంటాయి. ఇల్లు మీ అమ్మది."

ఫోను పెట్టేసి భార్య ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. "ఇప్పుడు వెయ్యి. రెండో సగం."

ఇర్మా పెదవులు గుండ్రంగా చుట్టింది. గాలి వచ్చింది, ఈల రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి నవ్వు వచ్చింది. నవ్వుకు అడ్డంగా చెయ్యి లేవబోయి, దారిలోనే ఆగి, ఒళ్ళోకి దిగింది.

"నువ్వలా పోటీకి న్యాయం చెప్పేవాడిలా మోకాళ్ళ మీద చేతులు పెట్టుక్కూర్చుంటే రాదు," అంది.

"సరే, చూడను." ఆయన కుర్చీ గోడవైపు తిప్పుకున్నాడు. "నేను లేననుకో."

గోడవైపు తిరిగిన ఆ బట్టతలను ఇర్మా కాసేపు చూసింది. తర్వాత వంటగుడ్డ విప్పి కొక్కేనికి తగిలించింది. కోటు తొడుక్కుంది. గొమ్మార్‌కు బూట్ల చప్పుడు వినిపించింది, తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. అయినా వెనక్కి తిరగలేదు. ఇర్మా ఒక్క మాటా చెప్పకుండా బయటికి వెళ్ళిపోయింది.

తలుపు తెరిచే ఉంది. గేటు అవతల నుంచి ఈల మొదలైంది, ముందు సన్నగా, అడుగు అడుగుకూ బలం తెచ్చుకుంటూ. గదిలో పిట్టలన్నీ ఒక్కసారిగా పాట ఆపేశాయి. మొదటి చరణం చివరికి వచ్చేసరికి గొమ్మార్ ఊపిరి బిగబట్టాడు.

ఈల అక్కడ ఆగలేదు. పైకి వెళ్ళి, మెట్లు దిగినట్టు దిగి, వీధి మలుపు తిరిగి ఏటి గట్టు వైపు సాగిపోయింది.